ఆవిడ కుర్చీ

జనవరి 8, సోమవారం

క్రెడిట్లు లేకపోతే డిగ్రీ ఇవ్వరట. అందుకని వెళ్ళాను. ఇష్టపడి మాత్రం కాదు.

'క్రాస్ ఫ్యాకల్టీ డిజైన్ స్టూడియో' అని తలుపు అద్దం మీద చెక్కించారు. లోపల గోడలు కూడా అద్దాలే. వాటి నిండా పసుపు చీటీలు. ఒక చీటీ మీద 'సహానుభూతి' అని, ఇంకో దాని మీద 'ఎందుకు?' అని, దాని పక్కనే 'మళ్ళీ ఎందుకు?' అని. ఒక పెద్ద బల్ల చుట్టూ మెడిసిన్, ఇంజనీరింగ్, లా, మేనేజ్‌మెంట్, ఆర్ట్స్. ఆర్ట్స్ అంటే నేనొక్కణ్ణే. పొలిటికల్ సైన్స్ రెండో ఏడు. పక్కన కూర్చున్న ఇంజనీరింగ్ వాడు నా సబ్జెక్టు విని, అయితే నువ్వేం తయారుచేస్తావని అడిగాడు. గొడవలు తయారుచేస్తానన్నాను. వాడు నవ్వలేదు. మాట్లాడినంతసేపూ వేళ్ళ మధ్య ఒక బోల్టు తిప్పుతూనే ఉన్నాడు. బోల్టు అని పేరు పెట్టేశాను.

డైరెక్టర్ మేడం లెక్చర్ దంచింది. డిజైన్ ఏ ఒక్క ఫ్యాకల్టీ సొత్తూ కాదట. డాక్టరు ఎముకనే చూస్తాడు, ఇంజనీరు ఇనుమునే చూస్తాడు, మనిషిని మొత్తంగా చూసేవాళ్ళు ఎవరూ లేరు, ఆ పని మనదే అంది. వినడానికి బాగానే ఉంది. బస్టాండ్ ముందు పేవ్‌మెంట్ మీద నేను కొనుక్కునే చిన్న పుస్తకాల్లో ఇదే మాట ఏసీ లేకుండా చెప్తారు.

ఈ సెమిస్టర్ ప్రాజెక్టు యూనివర్సిటీ లాండ్రీ. ఆస్పత్రి దుప్పట్లూ, హాస్టళ్ళ దుప్పట్లూ ఉతికేది అక్కడే. తడి బట్టలు మోసే ట్రాలీని కొత్తగా డిజైన్ చెయ్యాలి.

ఆ ట్రాలీని నెట్టేది మా పిన్ని. బల్ల దగ్గర ఆ మాట చెప్పలేదు.

జనవరి 10, బుధవారం

ఒళ్ళు మండిపోతోంది.

బల్ల తలవైపు ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా పెట్టారు. అది యూజర్ కుర్చీ అట. మేడం కనిపెట్టిన పద్ధతి. ప్రతి మీటింగులో మనలో ఒకరు వెళ్ళి అందులో కూర్చుని, లాండ్రీ మనిషిగా మాట్లాడాలి. 'నేను' అనాలి. మిగతావాళ్ళు 'మీరు' అనాలి. కుర్చీలోంచి వచ్చిన మాటని ఎవరూ ఖండించకూడదు. అడగొచ్చు, రాసుకోవచ్చు, కాదు అనకూడదు. ఎందుకంటే, కాదు అనే హక్కు మనకి ఇన్నాళ్ళూ ఎక్కువైందట.

ఆ మనిషికి పేరు పెట్టలేదు. ఆవిడ అంటారు, అంతే. నలభై దాటిన వయసు, మధ్యస్థమైన ఎత్తు, సగటు బరువు. అందరి సగటూ కలిపి బొమ్మ చేశారు. గోడ మీద అంటించారు. ఆ బొమ్మ నవ్వుతోంది కూడా.

ముందు బోల్టు కూర్చున్నాడు. గొంతు సన్నం చేసి, అబ్బా నా నడుమండీ అన్నాడు. అందరూ నవ్వారు. ఎద్దు పుండు కాకికి ముద్దా? మెడిసిన్ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. ఆ అమ్మాయిని అందరూ అప్పుడే డాక్టర్ అని పిలుస్తున్నారు, ఇంకా మూడో ఏడే.

లేచి వచ్చేద్దామనుకున్నాను. క్రెడిట్లు.

జనవరి 12

పిన్ని మా అమ్మకి చెల్లెలు. బాబాయి పోయాక ఆయన ఉద్యోగం ఈమెకి ఇచ్చారు. కాలేజీలో చేరినప్పటి నుంచీ నేను ఈమె దగ్గరే ఉంటున్నాను, లాండ్రీ వెనక క్వార్టర్స్‌లో, రెండు గదుల్లో. ఒక గదిలో నా పుస్తకాలూ నేనూ. ఇంకో గదిలో మిగతా ప్రపంచం.

పని ఇది. కింద హాల్లో మెషీన్లు, పైన హాల్లో ఆరబెట్టే డ్రమ్ములు. మధ్యలో ర్యాంప్. తడి దుప్పట్లు గుట్టగా వేసిన ట్రాలీని ఇద్దరు ఎక్కించాలి. ఒకరు ముందు తాడు పట్టి లాగుతారు, ఒకరు వెనక నుంచి నెడతారు. లాగేది పెద్దక్క, నెట్టేది పిన్ని. పెద్దక్క ఎవరికీ అక్క కాదు, లాండ్రీలో అందరికంటే పాతది.

పిన్నికి కుడి భుజం పోయింది. ఎడమ చేత్తోనే తల దువ్వుకుంటుంది. జూన్‌లో ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. చెయ్యి భుజం దాటి పైకి లేవకపోతే సంతకం పెట్టరు. సంతకం లేకపోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే ఈ రెండు గదులూ లేవు.

అరిగిపోయిన మనిషిని అవతల పారేసే పద్ధతి గురించి భోజనం దగ్గర వివరంగా చెప్పాను. పిన్ని అంతా విని, అరిగిపోయిన సంగతి సరే, ఆ గిన్నెలు నానబెట్టు అంది.

జనవరి 17, బుధవారం

ఎథిక్స్ కమిటీ కాగితాలు. లాండ్రీలో బంధువులెవరైనా ఉంటే చెప్పాలట. చెప్పాను. బల్లంతా నావైపు తిరిగింది, చిడతలు లేకుండా భజనకి వచ్చినవాణ్ణి చూసినట్టు. కోట్ సార్ ముఖం చిట్లించాడు. ఈయన మేనేజ్‌మెంట్ లెక్చరర్, యూనివర్సిటీ సర్వీసుల కమిటీలో కూడా మెంబరు. ఎండాకాలంలోనూ కోటు విప్పడని వాళ్ళ స్టూడెంట్లే చెప్తారు.

నన్ను తీసెయ్యలేదు. పిన్నిని తీసేశారు. బంధువు కాబట్టి ఆమెని ఇంటర్వ్యూ చెయ్యకూడదు, ఆమె చెప్పింది డేటాలో చేరకూడదు. లా లెక్చరరు ఆ రూల్ రెండుసార్లు చదివాడు.

సంతకం పెట్టేశాను. మంచిదే అయింది. వీళ్ళ చీటీల మీద మా పిన్ని ఎందుకు? ఆమె బతుకు నాకు తెలుసు. ఇంట్లోనే ఉంది.

జనవరి 24, సాయంత్రం ఆరు

అందరం లాండ్రీ చూడ్డానికి వెళ్ళాం. జూకి వెళ్ళినట్టు వెళ్ళాం. బోల్టు ర్యాంప్ మీద బోర్లా పడుకుని వాలు కొలిచాడు. డాక్టర్ ఆడవాళ్ళ మణికట్లు పట్టుకుని ఏవో రాసుకుంది. పిన్ని నన్ను చూసి కూడా చూడనట్టు ఉంది. ఆమె ట్రాలీ దాటిపోతుంటే మేం అందరం గోడకి అతుక్కుని దారిచ్చాం. ఒకరూ చెయ్యి వెయ్యలేదు. వేస్తే అబ్జర్వేషన్ పాడవుతుందట.

బోల్టు ఆలోచన: ట్రాలీకి చిన్న మోటారు, చేతి దగ్గర బ్రేకు. వాడికి అది చెప్తుంటే కళ్ళు వెలిగాయి. బండ వెధవ అనుకున్నాను గానీ వాడికి నిజంగానే ఆ ఇనుమంటే ప్రేమ.

అప్పుడు కోట్ సార్ అడిగాడు. మోటారు పెడితే ర్యాంప్ ఎక్కించడానికి ఒక మనిషి చాలుతుందా? చాలుతుందన్నాడు బోల్టు. కోట్ సార్ జేబులోంచి ఫోన్ తీసి ఏదో టైపు చేసుకున్నాడు.

ఆ బొటనవేళ్ళ కదలిక చూశాను. చాలు. నాకు ఏ చీటీ అక్కర్లేదు. యంత్రం వచ్చిన చోటల్లా మొదట పోయేది మనిషే. పదిహేను పేజీల పుస్తకంలో పన్నెండో పేజీలో ఉంది.

జనవరి 31, బుధవారం

నేనే అడిగి కూర్చున్నాను.

ఎర్ర కుర్చీ కొంచెం ఊగుతుంది, ఒక కాలు పొట్టి. కళ్ళు మూసుకోలేదు, గొంతు మార్చలేదు. పిన్ని తల దువ్వుకోవడం చెప్పాను. నా చెయ్యి, నా జుట్టు అన్నాను. ర్యాంప్ మధ్యలో తాడు సడలితే బండి నా గుండెల మీదికి వస్తుంది, నా ముందు ఇంకో మనిషి ఉందన్న ధైర్యంతోనే రోజూ ఎక్కుతున్నాను అన్నాను. మీరు నాకు మోటారు ఇస్తామంటున్నారు, నా ముందున్న మనిషిని తీసేసి ఇస్తామంటున్నారు అన్నాను. కోట్ సార్‌నే చూస్తూ అన్నాను.

కోట్ సార్ నోరు తెరిచాడు. మేడం చెయ్యి చూపించింది. కుర్చీ మాటకి ఎదురు లేదు. ఆయన నోరు మూసుకున్నాడు.

ఈ యూనివర్సిటీలో రెండేళ్ళుగా ధర్నాలు చేశాను, గేటు దగ్గర కరపత్రాలు పంచాను. ఒక్క కోటూ నోరు మూసుకోలేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ మూయించింది.

మేడం కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఈ రోజు నిజంగా వచ్చింది అంది.

ఫిబ్రవరి 7

ఈ రోజూ నేనే కూర్చున్నాను.

ఫిబ్రవరి 14

ఇక వంతులు లేవు. వెళ్ళగానే నా సంచి బల్ల మీద పెట్టి తిన్నగా కుర్చీలోకి. ఎవరూ ఏమీ అనరు. 'మీరు' అంటారు. కారిడార్‌లో కనపడినా లా లెక్చరరు 'మీరు' అన్నాడు, అలవాటైపోయి. నవ్వు రాలేదు.

ఒక్క డాక్టర్‌తో పేచీ. కుర్చీని ఖండించకుండా పక్కనుంచి గుచ్చుతుంది. 'మీకు భుజం నొప్పి ఏ వైపు తిరిగితే ఎక్కువ?' అని అడిగింది. కుడివైపు అన్నాను. చెయ్యి పక్కకి ఎత్తినప్పుడా, ముందుకి ఎత్తినప్పుడా? రెండూ అన్నాను. రాత్రిళ్ళు ఆ వైపు పడుకోగలరా? పడుకోగలను అన్నాను. రాసుకుంది. ఏం రాసుకుందో.

ఇంటికి వచ్చి చూశాను. పిన్ని గోడవైపు, ఎడమ పక్కకి తిరిగి పడుకుని ఉంది.

దాని వల్ల తేడా ఏముంది? ఇది భుజం గురించి కాదు.

ఫిబ్రవరి 18, ఆదివారం

బోల్టు బండి తయారైంది. నిన్న లాండ్రీలో తోయించి చూశారట. నేను వెళ్ళలేదు, ఆవిడ తనని తాను చూడ్డానికి వెళ్ళడమేమిటి? పొద్దున్నే వాడే వచ్చి చెప్పాడు. ఆడవాళ్ళందరూ ఒక్కొక్కసారి ఎక్కించారు. మీ పిన్ని కూడా ఎక్కించింది, డేటాలో రాయలేదు గానీ ఒంటి చేత్తో ఎక్కించింది, పైకి వెళ్ళి మళ్ళీ ఖాళీ బండి వేసుకుని తనే కిందికి తెచ్చింది, మళ్ళీ ఎక్కించింది అన్నాడు. చెప్తుంటే వాడి ముఖం పెళ్ళికొడుకు ముఖంలా ఉంది.

మధ్యాహ్నం పిన్ని అడిగింది. ఆ బండి ఎప్పుడిస్తారు మీవాళ్ళు?

చెప్పాను. బండి వస్తే పెద్దక్క పోతుందన్నాను. పిన్ని ఆశ్చర్యపోయింది. పెద్దక్క ఎలాగూ పోతోందట. ఈ నెలాఖరుకే మానేస్తానని ఆఫీసులో చెప్పేసిందట, కూతురి దగ్గరికి వెళ్ళిపోతోందట. లాండ్రీలో అందరికీ తెలుసు, నీకు తెలీదా అంది.

మనిషి కాదు పిన్నీ, పోస్టు అన్నాను. పెద్దక్క వెళ్ళినా ఆమె చోటు ఉండాలి, ఆ చోట్లోకి ఇంకొకరు రావాలి, ఒకసారి ఆ చోటే పోయిందంటే మళ్ళీ ఎవరూ తెచ్చివ్వరు. అన్నీ ఓపిగ్గా చెప్పాను. ఫిట్‌నెస్ పరీక్ష మీద కూడా పోరాడాలని చెప్పాను. పరీక్ష జూన్‌లో, పోరాటం ఎప్పుడు అవుతుందని అడిగింది. పోరాటానికి తేదీ ఉండదన్నాను.

'నీ పుస్తకాల్లో మనుషులకి భుజాలుండవురా?'

అంతే అంది. తర్వాత చాలాసేపు బట్టలు మడతపెట్టింది. ఎడమ చేత్తో.

తప్పు ఆమెది కాదు. నొప్పిలో ఉన్న మనిషి దగ్గరి వస్తువునే చూస్తుంది. దూరం చూడ్డానికే మేం ఉన్నాం.

ఫిబ్రవరి 21

వచ్చే బుధవారం తుది నిర్ణయం. సర్వీసుల కమిటీ కూడా వస్తుంది. కోట్ సార్ కొత్త కోటు వేసుకొస్తాడేమో. రానీ.

ఫిబ్రవరి 28, బుధవారం, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాయాలి.

అందరూ వచ్చారు. కమిటీ వాళ్ళు ముగ్గురు గోడవారగా. బోల్టు బండి బల్ల పక్కన, తళతళలాడుతూ. వాడు దానికి ఎర్ర రంగు కూడా వేశాడు. డాక్టర్ రిపోర్టు చదివింది, తోసి చూసిన వాళ్ళందరూ బండి కావాలన్నారని. కోట్ సార్ తలూపాడు. ఆ తలూపడం చూశాకే నాకు పట్టుదల ఇంకా పెరిగింది.

మేడం కుర్చీవైపు తిరిగింది. మీరేమంటారు?

ఈ బండి నాకు వద్దు అన్నాను. నా ముందు తాడు పట్టే మనిషి కావాలి. ఇద్దరం కలిసి ఎక్కించే బండినే తేలిగ్గా చెయ్యండి, పిడికి మెత్తటి తొడుగు వెయ్యండి, చక్రాలు మార్చండి. ఇద్దరి పనిని ఒకరి పని చెయ్యకండి. ఇప్పటికీ అందులో తప్పు మాట ఒక్కటీ కనపడటం లేదు నాకు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. బోల్టు పిలిచాడట, తోసి చూసినవాళ్ళు కూడా ఉంటే బాగుంటుందని. నాతో చెప్పలేదు. మిగతావాళ్ళు షిఫ్టు వదిలి రాలేదు. పిన్ని ఒక్కతే వచ్చింది. యూనిఫాం చీర అంచు తడిగా ఉంది, కార్పెట్ మీద కాలు పెట్టాలా వద్దా అని గుమ్మంలో ఆగింది. చెప్పులు బయటే విప్పింది.

లా లెక్చరరు గొంతు సవరించుకుని బంధువు అని గుర్తుచేశాడు. మేడం మర్యాదగానే చెప్పింది, కూర్చోండమ్మా, మీరు వినొచ్చు, కానీ మీ మాట రికార్డులోకి రాదు, మా రూల్ అలాంటిది.

పిన్ని కూర్చోలేదు. 'నాకా బండి కావాలమ్మా' అంది. 'తోసి చూశాను. నొప్పి రాలేదు.'

అందరూ పిన్నిని చూడ్డం మానేసి నన్ను చూశారు. కుర్చీని చూశారు. మేడం పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

'ఆవిడ అలా అనదు' అన్నాను.

నా గొంతే. కుర్చీలోంచే. మాట బయటికి వచ్చేసింది.

పిన్ని గోడ మీద బొమ్మ వైపు చూసింది, తర్వాత నా వైపు.

'ఎవర్రా ఆవిడ?'

పిన్ని షిఫ్టు ఉందని చెప్పి వెళ్ళిపోయింది. మేడం రాసుకుంది. కుర్చీ మాటకి ఎదురు లేదు. బండి వద్దు, పాత ట్రాలీకి మెత్తటి పిడి, కొత్త చక్రాలు, ఇద్దరు మనుషులు. ఏకగ్రీవం. కోట్ సార్ కూడా సంతకం పెట్టాడు, చాలా నెమ్మదిగా, ఏ గొడవా లేకుండా. అది నాకు అప్పుడే వింతగా అనిపించాల్సింది.

గెలిచాను.

అదే రోజు, ఇంకాస్త తర్వాత

ఆమె ఒక మనిషి. ఆవిడ అంటే అందరూ. ఒకరి నొప్పి కోసం అందరి చోటూ వదులుకోకూడదు. ఇది పిన్నికి చెప్పాలి. మెల్లిగా, అర్థమయ్యేలా.

మార్చి 1

చెప్పాను. పళ్ళెం నా ముందు పెట్టి అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

మార్చి 5

మాట్లాడటం లేదు.

మార్చి 12, సోమవారం

పెద్దక్క వెళ్ళిపోయి పదిరోజులు దాటింది. ఆమె చోట్లోకి ఎవరూ రాలేదు. పిన్ని ఒక్కతే ఎక్కిస్తోంది. అదే ట్రాలీ, అదే ర్యాంప్. పిడికి మాత్రం నల్లటి మెత్తటి తొడుగు. ముందు తాడు ఊరికే వేలాడుతోంది. ఎవరైనా ఖాళీగా ఉంటే పిలుస్తుంది, లేకపోతే వీపు ఆనించి, వెనక్కి తిరిగి, కాళ్ళతో తన్ని ఎక్కిస్తుంది. క్లాసు ఎగ్గొట్టి గోడ అవతల నుంచి చూశాను.

బండి పైకి చేరేదాకా అక్కడే నిలబడ్డాను.

మార్చి 13

కోట్ సార్ గదికి వెళ్ళాను. అపాయింట్‌మెంట్ లేదంది గుమస్తా. తోసుకుని వెళ్ళాను.

అరిచాను. ఇద్దరు మనుషులని మీరే సంతకం పెట్టారు, రెండో మనిషి ఏదని అడిగాను. మోసగాడివన్నాను. ఆయన లేవలేదు. కూర్చోమన్నాడు. నీళ్ళు తాగమన్నాడు. తాగలేదు.

'బాబూ, ఇద్దరు కావాలని మీరు రాశారు. ఆ రెండో మనిషిని ఎవరివ్వాలో ఎవరూ రాయలేదు' అన్నాడు.

డిజైన్ స్టూడియో ట్రాలీకి సిఫార్సు చేస్తుంది, ఉద్యోగాలకి చెయ్యదట. నియామకాలు వేరే విభాగమట, ఈ ఏడు అక్కడ బ్యాన్ ఉందట. బండి కొనివుంటే ఆమెకి బండి ఉండేది, ఇప్పుడు బండీ లేదు, మనిషీ లేదు, నాకు మాత్రం రెండు ఖర్చులూ తప్పాయి అన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే కొట్టేవాణ్ణి.

అన్నం పెట్టమంటే విస్తరి గురించి కమిటీ వేసే జాతి. మెడలు విరిచినా పాపం లేదు.

మార్చి 14, బుధవారం

మేడం దగ్గరికి. మళ్ళీ తెరవండి ఆ ఫైలు, బండి ఇవ్వండి అన్నాను. ఆమె నన్ను చూసి నిజంగా సంతోషించింది. మన కుర్చీ పద్ధతి మీద పేపర్ రాసిందట, కాన్ఫరెన్స్‌లో తీసుకున్నారట. అందులో నేనున్నానట, పేరు లేకుండా. వచ్చే సెమిస్టర్ ప్రాజెక్టు లైబ్రరీ బల్లలు. చూపు లేని స్టూడెంట్‌గా నువ్వు కూర్చోవాలి, నీలా ఎవరూ కూర్చోలేరు అంది.

బండి సంగతి అడిగాను. ఆవిడ వద్దంది కదా అంది. ఆవిడ నేనేనన్నాను. అరిచాను. ఆవిడ కాదు, ఆవిడ లేదు, అది నేను అన్నాను. ఆమె మెత్తగా నా భుజం మీద చెయ్యి వేసింది. అందరికీ ఇలాగే అవుతుంది, పాత్రలోంచి బయటికి రావడానికి కొంచెం టైం పడుతుంది అంది.

చీటీలన్నీ పీకి పారేశాను. ఒక గోడంతా. ఎవరూ ఆపలేదు. బయటికి వస్తుంటే అద్దంలోంచి కనపడింది, మేడం నేల మీది చీటీల్ని ఫోటో తీసుకుంటోంది.

మార్చి 16

బోల్టు బండిని విప్పేశాడు. మోటారు వేరే ల్యాబ్ వాళ్ళు పట్టుకుపోయారు. మళ్ళీ బిగించమని బతిమాలాను, నేను, వాణ్ణి. బిగించి ఎవరికిస్తావు, రిజెక్ట్ అయిన వస్తువుని లాండ్రీ గేటు లోపలికి రానివ్వరు అన్నాడు. నన్ను తిట్టలేదు. ఆ రోజు మీ పిన్నిని పిలిచింది నేను, అలా జరుగుతుందని నాకు తెలీదు అన్నాడు. తలెత్తకుండా బోల్టులన్నీ డబ్బాలో వేసుకుంటున్నాడు. తిడితే బాగుండేది.

మార్చి 20

కరపత్రం వేశాను. 'రెండో మనిషి ఏడీ?' అని హెడ్డింగ్. లాండ్రీ గేటు దగ్గర షిఫ్టు మారేటప్పుడు పంచాను. ఆడవాళ్ళు తీసుకున్నారు, చదివారు కూడా. ఒకామె అంది, కుర్చీ బాబు వచ్చాడే అని. ఇంకొకామె అంది, నిలబడి మాట్లాడుతున్నాడు పాపం, కాళ్ళు నొప్పి పుడతాయి, ఎవరైనా కుర్చీ వెయ్యండి అని. అందరూ నవ్వారు. లాండ్రీలో ఏదీ దాగదు.

పిన్ని ఆ గుంపులోనే ఉంది. కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, బొడ్లో దోపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మార్చి 26, సోమవారం

పొద్దున పిన్ని చెయ్యి రవిక చేతిలోకి దూరలేదు. తలుపు అవతల నుంచి ఆ పెనుగులాట వినపడింది. సాయం చెయ్యనా అని అడగలేదు. చివరికి ఎలాగో దూర్చుకుని వచ్చింది, ముఖమంతా చెమట.

నేను మొదలుపెట్టాను. సంతకాల సేకరణ చేస్తున్నాను, ముప్ఫై మంది పెట్టారు, లా వాళ్ళలో ఒకడు కేసు వెయ్యొచ్చంటున్నాడు, నియామకాల బ్యాన్ మీద. చాలా చెప్పాను.

పిన్ని చెప్పులు వేసుకుంటోంది. నెల రోజులకి నోరు విప్పింది.

'ఇద్దరుండాలన్నావుగా. రెండోవాడివి ఎక్కడున్నావ్?'



మార్చి 27

లాండ్రీ సూపర్‌వైజర్‌ని అడిగాను. జీతం ఇవ్వను, దెబ్బ తగిలితే నాకు సంబంధం లేదు, కాగితం మీద నువ్వు లేవు అన్నాడు. సరే అన్నాను. పొలిటికల్ సైన్స్ క్లాసు తొమ్మిదికి. లాండ్రీ ఐదుకి మొదలవుతుంది.

మార్చి 29

ముందు తాడు నాది. నా వెనక దుప్పట్ల గుట్ట, దాని వెనక పిన్ని. కనపడదు. పిన్నీ, లాగనా అని అడిగాను. తాడు బిగించి పట్టుకుని, ఆమె చెప్పేదాకా లాగకుండా నిలబడ్డాను.